పరీక్షకు ఒక పూట, కాగితానికి ఆరు నెలలు: క్లాస్ వన్ మెడికల్‌తో నా 18 ఏళ్లు

నేను ప్రయాణికుల విమానాలు నడిపే పైలట్‌ని. 18 ఏళ్లుగా ఏటా క్లాస్ వన్ మెడికల్, అంటే విమానం నడపడానికి ఆరోగ్యంగా ఉన్నామని తేల్చే వైద్య పరీక్ష, చేయించుకుంటున్నాను. ఫోన్ కొంటే పది రోజుల్లో అభిప్రాయం రాసేస్తాం. ఈ సర్టిఫికెట్ గురించి రాయడానికి నాకు ఇన్నేళ్లు పట్టింది. ఇందులో ఏది బాగుందో, ఏది బాగాలేదో విడదీసి చెప్పాలంటే రెండు వైపులా అనుభవం ఉండాలి. ఇన్నేళ్లలో నేను అన్‌ఫిట్ అయింది రెండుసార్లే. ఒకసారి మళ్లీ ఫిట్ రావడానికి రెండు రోజులు పట్టింది. ఇంకోసారి కాగితానికే ఆరు నెలలు పట్టింది. మనిషిని నేనే, లైసెన్సూ అదే. మరి అంత తేడా ఎందుకు వచ్చిందన్నదే నేను చెప్పదలుచుకున్న విషయం.

ముందు పరీక్ష సంగతి. పరీక్ష మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు. పొద్దున పరగడుపున వెళితే మధ్యాహ్నానికి అయిపోతుంది. రక్తం, మూత్రం, బీపీ, కళ్లు, చెవులు, ఈసీజీ. కొలతలన్నీ ఎప్పుడో రాసిపెట్టి ఉన్నాయి. అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ, అంటే మేం ఐకావో అని పిలిచేది, పెట్టిన కనీస ప్రమాణాల ప్రకారం దూరపు చూపు ఒక్కో కంటికి 6/9, రెండు కళ్లకూ కలిపి 6/6 ఉండాలి. అద్దాలతో ఉన్నా పర్లేదు. వినికిడి లోపం 500, 1,000, 2,000 హెర్ట్జ్‌ల దగ్గర 35 డెసిబెల్స్ దాటకూడదు, 3,000 దగ్గర 50 దాటకూడదు. ఈసీజీ 30 ఏళ్లు దాటాక రెండేళ్లకోసారి, 50 దాటాక ఏటా. ఇందులో ఎవరి ఇష్టాయిష్టాలకూ చోటు లేదు. అన్నీ సరిగ్గా ఉంటే ఎగ్జామినర్, అంటే పరీక్ష చేసే డాక్టర్, అక్కడికక్కడే సంతకం పెట్టేస్తారు. ఎక్కువసార్లు నేను సర్టిఫికెట్ చేతిలో పట్టుకునే ఇంటికి వచ్చాను.

ఈ కఠినత్వం అవసరమేనని కూడా నమ్ముతాను. చాలా దేశాలు వాడే ఒక శాతం లెక్క ఒకటుంది. పైలట్‌గా శిక్షణ మొదలుపెట్టిన రోజుల్లో ఒక డాక్టరుగారు కాగితం మీద వేసి చూపించారు. ఒక పైలట్ ఏడాదిలో ఉన్నట్టుండి పనిచేయలేని స్థితికి వెళ్లే అవకాశం ఒక శాతం దాటకూడదు. ఏడాదికి 8,760 గంటలు, లెక్క సులువుగా ఉండటానికి 10,000 అనుకుందాం. అప్పుడు ఒక శాతం అంటే పది లక్షల గంటలకు ఒకసారి. ప్రయాణంలో టేకాఫ్, ల్యాండింగ్ లాంటి కీలక సమయం పదో వంతు. ఆ సమయంలోనే కుప్పకూలినా నూటికి 99 సార్లు పక్క సీట్లో ఉన్న పైలట్ విమానాన్ని దించేస్తారు. అన్నీ గుణిస్తే వంద కోట్ల గంటలకు ఒక ప్రమాదం. ఆ లెక్క చూసిన రోజు నుంచీ డాక్టర్లు ఏ టెస్టు రాసినా విసుక్కోలేదు.

మొదటిసారి అన్‌ఫిట్ అయింది గర్భం వచ్చినప్పుడు. ఐకావో సిఫారసు ప్రకారం ఏ సమస్యా లేని గర్భమైతే 12వ వారం చివరి నుంచి 26వ వారం చివరి వరకు ఎగరవచ్చు. నేను మొదట్లోనే ఆపేశాను, అది నా నిర్ణయం. కాన్పు తర్వాత కొన్ని నెలలకు మా గైనకాలజిస్టు దగ్గర ఒక పేజీ ఉత్తరం రాయించుకుని ఎగ్జామినర్ దగ్గరికి వెళ్లాను. ఆయన చూశారు, రక్తహీనత ఉందేమోనని టెస్టు చేయించారు, మర్నాడు రిపోర్టు రాగానే సంతకం పెట్టారు. నన్ను చూసిన డాక్టరే నిర్ణయం తీసుకున్నారు. అంతే. అప్పుడు నేను దీన్ని మామూలు విషయమనుకున్నాను.

రెండోది కిడ్నీలో రాయి. నాకు నొప్పి లేదు, ఏ ఇబ్బందీ తెలియదు. ఏటా చేసే మూత్ర పరీక్షలో కంటికి కనిపించనంత రక్తం ఉందని తేలింది. స్కాన్ తీస్తే ఎడమ కిడ్నీలో ఐదు మిల్లీమీటర్ల రాయి. జనవరి నెల. ఎగ్జామినర్ 'టెంపరరీ అన్‌ఫిట్' అని రాశారు. ఆ క్షణం కళ్లు తిరిగినంత పనైంది కానీ ఆయన చేసింది నూటికి నూరు పాళ్లు సరైన పని. ఆ రాయి కదిలి, ల్యాండింగ్‌కు రెండు నిమిషాల ముందు నాకు నొప్పి మొదలై ఉంటే? కిడ్నీ రాయి నొప్పి చూసినవాళ్లకు తెలుసు, మనిషి కూర్చోలేరు, నిలబడలేరు. ఆ పరీక్షే లేకపోతే నాకు రాయి ఉందనే తెలిసేది కాదు.

లేజర్‌తో రాయి పగలగొట్టించుకున్నాను. కోలుకున్నాక సీటీ స్కాన్ తీశారు, ఒక్క ముక్క కూడా మిగల్లేదు. యూరాలజిస్టు ఫిట్ అని రాసిచ్చారు. పరీక్ష రోజు నుంచి ఇక్కడిదాకా తొమ్మిది వారాలు. మార్చి మధ్యలో అన్నీ జతచేసి ఎగ్జామినర్ చేతికిచ్చాను. ఆయన స్కాన్ చూసి, "నా వరకు మీరు ఫిట్టేనమ్మా, కానీ దీన్ని నేను ఇవ్వడానికి లేదు, పైకి పంపాలి" అన్నారు. ఫైలు పైకి, అంటే విమానయాన నియంత్రణ సంస్థ డాక్టర్ల దగ్గరికి, వెళ్లింది.

తర్వాత 11 వారాలు ఏ కబురూ లేదు. పోర్టల్ తెరిస్తే 'పరిశీలనలో ఉంది' అనే మాట. పొద్దున ఒకసారి, రాత్రి పడుకునేముందు ఒకసారి తెరిచి చూసేదాన్ని. ఫోన్ చేస్తే వరుసలో ఉందంటారు. వరుసలో ఎన్నోదని అడిగితే ఆ సంగతి తెలియదంటారు. జూన్ మొదట్లో ఉత్తరం వచ్చింది. 24 గంటల మూత్ర పరీక్ష కావాలి, మళ్లీ రాయి వచ్చే అవకాశం ఎంతో యూరాలజిస్టు రాయాలి. రెండూ న్యాయమైన ప్రశ్నలే. రాళ్లు ఏర్పడే శరీరతత్వం ఉందో లేదో తెలుసుకోవాలి కదా. మార్చిలోనే అడిగి ఉంటే మార్చిలోనే ఇచ్చేదాన్ని. తొమ్మిది రోజుల్లో పంపాను. ఆ కాగితాలు మళ్లీ వరుస చివరికి వెళ్లాయి.

ఆగస్టులో ఇంకో ఉత్తరం. మీ సీటీ స్కాన్ తీసి 90 రోజులు దాటింది, కొత్తది పంపండి. ఆ ఉత్తరం చదివి నేను ఏడ్చాను. నేను ఇచ్చిన రోజున ఆ స్కాన్ తీసి వారం కూడా కాలేదు. 90 రోజులు గడిచింది వాళ్ల టేబుల్ మీద. ఫైలు చూడటానికి ఆఫీసుకు గడువు లేదు, నా రిపోర్టుకు మాత్రం గడువు ఉంది. ఏ అవసరమూ లేకుండా ఇంకోసారి రేడియేషన్ తీసుకున్నాను. ఫలితం అదే, రాయి లేదు. సెప్టెంబరు చివర్లో ఫిట్ వచ్చింది. ఇచ్చిన నిర్ణయం మార్చిలో ఎగ్జామినర్ నోటితో చెప్పినదే.

ఫిట్ వచ్చిన మర్నాడే డ్యూటీకి వెళ్లొచ్చని బయటివాళ్లు అనుకుంటారు. అలా ఉండదు. ప్రయాణికులతో ఎగరాలంటే అంతకు ముందు 90 రోజుల్లో మూడు టేకాఫ్‌లు, మూడు ల్యాండింగ్‌లు చేసి ఉండాలి. నావి ఎప్పుడో పోయాయి. ఏడాదికి రెండుసార్లు ఇచ్చే సిమ్యులేటర్ చెక్ కూడా తప్పిపోయింది. సిమ్యులేటర్ స్లాట్ కోసం మూడు వారాలు, తర్వాత ట్రైనింగ్ కెప్టెన్ పక్కన కూర్చుని లైన్ ఫ్లయింగ్, అంటే మామూలు సర్వీసులు నడపడం, ఇంకో రెండు వారాలు. పైన ఫైలు నెలల తరబడి ఆగితే కింద పైలట్‌కు దాని మీద ఇంకో నెలకు పైగా పోతుంది. డబ్బు సంగతి ఎక్కువ రాయను. గంటల లెక్కన వచ్చే అలవెన్స్ మొత్తం ఆగిపోయింది, లైసెన్స్ పోతే ఆదుకోవాల్సిన ఇన్సూరెన్స్‌లో మొదటి కొన్ని నెలలకు ఏమీ రాదు. పాలసీ తీసుకునేటప్పుడు ఆ వెయిటింగ్ పీరియడ్ ఎంతో తప్పకుండా చదవండి.

ఆలస్యానికి కారణం పైనున్న డాక్టర్ల బద్ధకమని నేను అనుకోను. విమానయాన వైద్యం చదివినవాళ్లు ఎక్కడైనా తక్కువే. ఆ కొద్దిమంది ముందుకే గుండె స్టెంట్ ఫైలూ వస్తుంది, మూర్ఛ ఫైలూ వస్తుంది, నా రాయి ఫైలూ వస్తుంది. అన్నీ ఒకే వరుస. నిజంగా నలుగురు కూర్చుని ఆలోచించాల్సిన కేసులు మామూలు కేసుల కింద పడిపోతున్నాయి. ఇది తప్పించడానికి దారి లేకపోలేదు. అమెరికాలో విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్ఏఏ కొన్ని జబ్బులకు ఎగ్జామినరే సర్టిఫికెట్ ఇచ్చే పద్ధతి పెట్టింది. దాన్ని అక్కడ కాకీ అంటారు. ఒక్కో జబ్బుకు ఒక్కో వర్క్‌షీట్ ఉంటుంది. బీపీ, థైరాయిడ్ తక్కువగా ఉండటం, ఆస్తమా, మైగ్రేన్, కిడ్నీ రాళ్లు కూడా అందులో ఉన్నాయి. వర్క్‌షీట్‌లోని షరతులన్నీ కుదిరితే ఎగ్జామినర్ అక్కడే ఇచ్చేస్తారు, కుదరకపోతే పైకి పంపుతారు. మొదటిసారి అది చదివినప్పుడు నా ఆరు నెలలూ కళ్లముందు తిరిగాయి. నాకు కావలసింది ఒక్క పేజీ.

ఆ అనుభవం తర్వాత నా పద్ధతి మార్చుకున్నాను. చాలాచోట్ల గడువు తీరడానికి 45 రోజుల ముందు నుంచే రెన్యువల్ పరీక్ష చేయించుకోవచ్చు, పాత తేదీ పోదు. మీ దగ్గర ఆ వీలుంటే చివరి వారం దాకా ఆగకండి. నేను మొదటి రోజుల్లోనే వెళ్తాను. ఏదైనా తేలితే కనీసం ఆ 45 రోజులు చేతిలో ఉంటాయి. స్పెషలిస్టు దగ్గర 'ఫిట్' అని ఒక్క ముక్క రాయించుకుని వస్తే సరిపోదు. జబ్బు ఏంటి, ఎప్పుడు తేలింది, ఏం చేశారు, ఇప్పుడెలా ఉంది, మళ్లీ వచ్చే అవకాశం ఎంత, ఏ మందులు వాడుతున్నారు, ఎప్పుడెప్పుడు చూపించుకోవాలి, ఇవన్నీ తేదీలతో ఒకే ఉత్తరంలో ఉండాలి. జూన్‌లో నాకు ఉత్తరం రావడానికి ఒక కారణం, మళ్లీ వచ్చే అవకాశం గురించిన ఆ ఒక్క వాక్యం లేకపోవడమే. ఈసీజీ అయితే డాక్టర్ రాసిన రిపోర్టుతో పాటు గ్రాఫ్ కూడా పంపండి. పంపే ముందు ఎగ్జామినర్‌ను ఒక మాట అడగండి: "ఇలాంటి కేసులో ఇంతకుముందు ఇంకేం అడిగారు సార్?" ఆయనకు తెలిసి ఉంటుంది, అడిగితే చెబుతారు. ప్రతి కాగితానికీ కాపీ, పంపిన తేదీ, అందినట్టు రసీదు మీ దగ్గర పెట్టుకోండి. ఇవన్నీ చేసినా వరుస తగ్గదు. రెండో ఉత్తరం రాకుండా మాత్రం ఆపగలం.

ఆలస్యం వల్ల పోయేది జీతం ఒక్కటే అయితే ఇంత రాసేదాన్ని కాదు. 2015 మార్చి 24న జర్మనీకి చెందిన జర్మన్‌వింగ్స్ సంస్థ విమానాన్ని కో పైలట్ కావాలనే ఫ్రాన్స్‌లోని ఆల్ప్స్ కొండల్లో కూల్చేశాడు. 150 మంది పోయారు. ఫ్రాన్స్ దర్యాప్తు సంస్థ బీఈఏ మరుసటి ఏడాది ఇచ్చిన నివేదికలో, అతను తన మానసిక స్థితిని బయటపెట్టకపోవడం వెనక ఎగరడం పోతుందన్న భయం, ఆదాయం పోతుందన్న భయం ఉండి ఉండవచ్చని రాసింది. ఆ ఘోరానికి ఫైళ్ల ఆలస్యమే కారణమని నేను అనడం లేదు. కానీ ఆ భయం ఎలా ఉంటుందో ప్రతి పైలట్‌కూ తెలుసు. చెబితే ఎన్నాళ్లకు తేలుతుందో తెలియనప్పుడు అది ఇంకా పెరుగుతుంది. మూడు నెలలని చెబితే ఇంట్లోవాళ్లతో మాట్లాడి ఏదో సర్దుకుంటారు. ఎన్నాళ్లో తెలియదంటే నోరు విప్పరు.

నాతో ఎగిరే ఒక కుర్రాడు, ఫస్ట్ ఆఫీసర్, కిందటేడు ఒక రాత్రి ఫోన్ చేశాడు. అతని అనుమతితోనే ఇది రాస్తున్నాను. నెలల తరబడి నిద్ర లేదు, ఏ పనీ చేయబుద్ధి కావడం లేదు, డాక్టర్ డిప్రెషన్ అని చెప్పి మాత్రలు రాశారు. "అక్కా, ఇవి మొదలుపెడితే ఫామ్‌లో రాయాలి. రాస్తే మళ్లీ ఎప్పటికి ఎగురుతాను?" అని అడిగాడు. నేను వెంటనే జవాబు చెప్పలేకపోయాను. నా ఆరు నెలలే గుర్తొచ్చాయి. తర్వాత, "ముందు రేపటి ఫ్లైట్ మానెయ్, మాత్ర వేసుకో, ఎగ్జామినర్‌కు ఉన్నదున్నట్టు చెప్పు" అన్నాను. అలాగే చేశాడు. మందు కుదురుకునే దాకా కొన్ని నెలలు ఆగాలన్నారు, అది సబబైన నియమమే, ఆగాడు. మనిషి తేరుకున్నాడు, నిద్ర పడుతోంది, నవ్వుతున్నాడు. సైకియాట్రిస్టు రిపోర్టుతో అన్నీ కలిపి ఒకే ఉత్తరంగా, నేను దగ్గరుండి సర్దించి పంపించాను. అది వెళ్లి ఈ వారానికి 14 వారాలు. మొన్న ఆదివారం మళ్లీ ఫోన్ చేశాడు. ఎప్పుడు వస్తుందని అడగడం మానేశాడు.

"కనీసం ఎవరైనా తెరిచి చూసి ఉంటారా అక్కా?" అన్నాడు.