పెరూ కొండల్లో పెద్దవాళ్లతో: కుస్కో ఆఖరున పెట్టుకోండి

పెరూ అనగానే అందరూ స్పెయిన్ వాళ్లకి ముందు అక్కడ ఏలిన ఇంకాల కొండ నగరం మచు పిచ్చు టికెట్ల దగ్గర ప్లాన్ మొదలుపెడతారు. అమ్మానాన్నల్ని తీసుకెళ్తున్నాం కాబట్టి మేం ఎత్తుల లెక్కతో మొదలుపెట్టాం. కుస్కో నగరం 3,400 మీటర్ల ఎత్తున ఉంది. మచు పిచ్చు దానికంటే దాదాపు వెయ్యి మీటర్లు కిందే, 2,430 దగ్గర. ఈ రెంటి మధ్యా ఉరుబాంబా నది లోయ. లిమాలో విమానం ఎక్కితే గంటన్నర లోపే కుస్కోలో దిగుతాం. అంత ఎత్తున గాలి పలచన, ఆ రాత్రి అక్కడే పడుకుంటే తలనొప్పి, ఆయాసం, నిద్ర పట్టకపోవడం చాలామందికి తప్పదు. అందుకని ఎయిర్‌పోర్టు దగ్గరే కారు మాట్లాడుకుని నేరుగా లోయలోని ఒయాంతాయ్‌తాంబోకి దిగిపోయాం. అది 2,800 మీటర్లు. నాన్నకి బీపీ ఉంది కాబట్టి ఎత్తు పడకపోవడానికి వాడే డయామాక్స్ మాత్ర వేసుకోవచ్చో లేదో డాక్టర్ని ముందే అడిగాం. మొదటి రోజు తిండి తక్కువ, నీళ్లు ఎక్కువ, మెట్లు అసలు వద్దు అనుకున్నాం. ఇద్దరూ సుఖంగా నిద్రపోయారు.

వీసా టెన్షన్ పెద్దగా లేదు. మేముండేది డాలస్‌లో. ఇండియన్ పాస్‌పోర్టు మీద కనీసం 6 నెలల గడువున్న అమెరికా వీసా ఉంటే పెరూకి వేరే వీసా అడగరు. అమ్మావాళ్ల విజిటర్ వీసాయే సరిపోయింది. కెనడా, యూకే, ఆస్ట్రేలియా, షెంగెన్ వీసాలున్నవాళ్లకీ అంతే. మనవాళ్లు మర్చిపోయేది ఎల్లో ఫీవర్ టీకా. పెరూలో బయల్దేరిన 6 రోజుల్లోపు ఇండియాలో దిగితే ఆ టీకా వేయించుకున్నట్టు ఇచ్చే పసుపు కార్డు చూపించాలి, లేకపోతే క్వారంటైన్. మేం తిరిగింది దోమల అడవిలో కాదు, చలి కొండల్లో అంటే వినరు. ప్రయాణానికి కనీసం 10 రోజుల ముందే టీకా వేయించుకోవాలి.

ఉండటానికి నా ఓటు ఒయాంతాయ్‌తాంబోకే. ఇంకాల కాలంనాటి వీధులు, పక్కనే రాతి కాలవల్లో గలగలమని నీళ్లు, ఆ పాత గోడల మధ్యే ఇప్పటికీ కాపురాలు. పగలు టూరిస్టు బస్సుల గోల, సాయంత్రం అవి వెళ్లిపోయాక ఊరు మళ్లీ ఊరివాళ్లదవుతుంది. మేం దిగింది ఒక కుటుంబం నడిపే చిన్న లాడ్జిలో. వేణ్ణీళ్లు బాగానే వచ్చాయి, రూమ్ హీటర్ మాత్రం లేదు. మే నుంచి సెప్టెంబరు దాకా వానలు పెద్దగా ఉండవు గానీ రాత్రుళ్లు చలి కొరికేస్తుంది, అదనపు దుప్పటి దిగగానే అడిగి పెట్టుకోండి. ఇంకో లాభం, రైల్వే స్టేషన్ నడిచి వెళ్లేంత దూరం.

మచు పిచ్చు కింద ఉన్న అగ్వాస్ కాలియెంతెస్‌కి కారు రోడ్డు లేదు. ‘పెరూరైల్’, ‘ఇంకా రైల్’ అని రెండు కంపెనీల రైళ్లున్నాయి. పెద్ద సూట్‌కేసులు ఎక్కనివ్వరు, లాడ్జిలో వదిలి వెళ్లాలి. ఆ ఊళ్లో అన్నీ రేట్లు ఎక్కువ, పొద్దున్నే లోపలికి వెళ్లాలనుకుంటే తప్ప రాత్రి ఉండక్కర్లేదు. ఎంట్రీ టికెట్లు సర్క్యూట్ల (లోపల నడిచే దారుల) వారీగా అమ్ముతారు. ఒకటో సర్క్యూట్ పైనుంచి చూపించి పంపేస్తుంది, మూడోది కింది భాగం. ఫొటోల్లో కనిపించే దృశ్యం, లోపలి కట్టడాలు రెండూ కావాలంటే రెండోదే. అది ముందు అయిపోతుంది కాబట్టి రైలు కంటే ముందు దీన్ని కొనండి. గేటు దాటాక టాయిలెట్లు లేవు. పెద్దవాళ్లకి ఇది చిన్న విషయం కాదు.

లోయలో తిరగడానికి ఆన్‌లైన్‌లో ఒక టూర్ బుక్ చేశాం. మొరాయ్ దగ్గర గుండ్రటి మెట్ల పొలాలు చూడటానికి ఇచ్చిన టైమ్ కంటే వెండి నగల షాపులో కూర్చోబెట్టిన టైమే ఎక్కువ. మర్నాటి నుంచి రోజుకింతని ఒక టాక్సీ మాట్లాడుకున్నాం. ఒంటరిగా తిరిగేవాళ్లకైతే షేర్ వ్యాన్లు చాలు, వాటిని కొలెక్తివో అంటారు. మొరాయ్, పిసాక్, చిన్చేరో, ఒయాంతాయ్‌తాంబో పాత కట్టడాలన్నిటికీ కలిపి ఒకే టికెట్ ఉంది, మేం వెళ్లినప్పుడు 130 సోల్‌లు (పెరూ డబ్బు), 10 రోజులు చెల్లుతుంది. మారాస్ ఉప్పు మళ్లకి వేరే కొనాలి.

ట్రిప్ మొత్తంలో అమ్మకి నచ్చింది చిన్చేరో. అక్కడ నేతపని ఆడవాళ్లది. ఒకావిడ నాగజెముడు లాంటి మొక్క మీంచి తెల్లటి బూజులా ఉన్న పురుగుని తీసి అరచేతిలో నలిపింది, చెయ్యంతా చిక్కటి ఎరుపు. నిమ్మరసం పిండగానే అదే ఎరుపు నారింజ వైపు తిరిగింది. మగ్గం అంటే ఒక కొస గుంజకి, ఇంకో కొస నడుముకి కట్టుకోవడమే. అమ్మది చేనేత కుటుంబం. రంగులు చూడకుండా పడుగు పోగులు వేళ్లతో లెక్కపెట్టడం మొదలెట్టింది. ఈ దుప్పటికి ఎన్ని రోజులు పడుతుందని తెలుగులో అడిగితే నేను ఇంగ్లీషులో, గైడు అక్కడి కొండల భాష క్వెచువాలో. జవాబు అలాగే వెనక్కి వచ్చేసరికి వాళ్లిద్దరూ చేతి సైగలతో మాట్లాడేసుకుంటున్నారు. అమ్మకానికే చేసే ప్రదర్శన, ఆ మాట నిజమే. అయినా పని నిజమైనది. రోడ్డు మీద చవగ్గా అమ్మే ‘బేబీ అల్పాకా’ (అల్పాకా అనే ఒంటె జాతి జంతువు మెత్తటి ఉన్ని) స్వెటర్లలో ఎక్కువ భాగం యాక్రిలిక్ కలిసినవే.

శాకాహారులకి తిండి దొరుకుతుంది, అడగడం తెలియాలి. మాంసం లేదని చెప్పి తెచ్చే సూపు కోడి నీళ్లతో కాచి ఉండొచ్చు, అందుకే ‘సిన్ కాల్దో దే పోయో’ అని కూడా చెప్పాలి. పెద్ద గింజల మొక్కజొన్న కండె పక్కన చీజ్ ముక్క పెట్టిచ్చేది మాకు రోజూ ఉండేది. నాన్నది గుంటూరు. మన మిరప, బంగాళాదుంప, వేరుశనగ అన్నిటి పుట్టిల్లూ అమెరికా ఖండాలేనంటే మొదట నమ్మలేదు. రొకోతో మిరపకాయ కోసి, లోపల నల్లటి గింజలు చూసి, ఒక ముక్క కొరికి నీళ్లకోసం చెయ్యి చాపాక ఒప్పుకున్నారు.

కుస్కో ఆఖర్న పెట్టుకోవడం వల్ల అప్పటికి ఒళ్లు అలవాటుపడింది. సాన్ బ్లాస్ పేట అందంగా ఉంటుంది గానీ అంతా ఎక్కుడే, రూమ్ పెద్ద చౌరస్తా దగ్గర తీసుకోండి. కొరికాంచాలో ఇంకాల గుడి గోడల మీదే స్పెయిన్ వాళ్లు మఠం కట్టారు. 1950 భూకంపంలో పైది దెబ్బతిని లోపలి ఇంకాల గోడలు బయటపడ్డాయి. రాళ్ల మధ్య సున్నం లేదు, బ్లేడు కూడా దూరదు.

టిటికాకా సరస్సు ఇంకా ఎత్తు, 3,800 మీటర్ల పైన. అయ్‌మారా భాష మాట్లాడే ఊరోస్ జనాల రెల్లు దీవులు ఇప్పుడు చాలావరకు టూరిస్టుల కోసమే. మగవాళ్లు టోపీలు అల్లే తకీలే దీవికి ఒక రాత్రి ఇవ్వచ్చు, కానీ పడవ దిగాక వందల మెట్లున్నాయి. అమ్మానాన్నలతో మేం పెట్టుకోలేదు.

కోకా ఆకు టీ పెరూ కొండల్లో చాలా హోటళ్లలో ఉచితంగా పోస్తారు, చట్టబద్ధమే. పొట్లాలు మాత్రం అక్కడే వదిలేయండి, అమెరికా కస్టమ్స్ వాళ్లు వాటిని రానివ్వరు.