కనకాంబరం రంగు నెయిల్ పాలిష్: నల్లటి చేతులతో చాన్నాళ్లు వాడాక

పెళ్లి సంబంధాల కాగితంలో చామనచాయ అని రాయించే రంగు నాది. అంటే నలుపన్నమాట. నెయిల్ పాలిష్ కొనడానికి ఏ షాపుకెళ్లినా నా చేతులు ఒకసారి చూసి మెరూన్ సీసా తీసి ముందు పెడతారు. అది వద్దంటే ముదురు వంకాయ రంగు. "మీకు ఇవైతే అంతగా కనపడవు మేడమ్, బాగుంటాయి" అని విజయవాడ బీసెంట్ రోడ్డులో ఒకమ్మాయి నోటితోనే అనేసింది. కనపడకుండా ఉండేదానికి డబ్బులు పోసి కొనడం ఎందుకు? ఒళ్లు మండి, ఆ పక్కనే ఉన్న కనకాంబరం రంగు సీసా తీసుకుని వచ్చేశాను. అప్పటి నుంచి ఏటా మాఘమాసం పెళ్లిళ్లు మొదలు ఊరగాయల కాలం దాకా నా గోళ్ల మీద ఎక్కువగా ఉండేది అదే.

కంపెనీ పేరు చెప్పను, అక్కర్లేదు కూడా. ఈ రంగు చాలామంది దగ్గర దొరుకుతుంది, సీసా మీద కోరల్ అనో ఆరెంజ్ కోరల్ అనో ఉంటుంది. గులాబీ వైపు మొగ్గేది వదిలేసి నారింజ వైపు మొగ్గేది తీసుకోవాలి. గ్లిట్టర్ వద్దు. నియాన్ అని రాసినవీ వద్దు, అవి పల్చగా ఉండి కింద గోరు కనపడుతూనే ఉంటుంది. రెండో సీసా కొనేటప్పుడు నేను జడలోంచి రెండు కనకాంబరాలు తీసి పక్కన పెట్టి మరీ చూశాను. షాపతను నవ్వాడు, నవ్వనీ. షాపులో ట్యూబ్‌లైటు కింద ఏ రంగూ నిజం చెప్పదు కాబట్టి గుమ్మం దాకా వచ్చి ఎండలో చూడాల్సిందే. గోటి మీద వేసి చూడనివ్వకపోతే చిన్న సెల్లోటేపు ముక్క మీద ఒక పూత వేయించి, ఆరాక గోటి మీద ఆనించుకుంటే తెలిసిపోతుంది.

వసంతం రంగులు అని ఫోన్లో ఎప్పుడు వెతికినా లేత గులాబీ, పుదీనా పచ్చ, పాలు కలిపిన ఊదా వస్తాయి. మంచు కరిగే దేశాల్లో వసంతం అలాగే ఉంటుందేమో. మనకు ఉగాది వచ్చేసరికి మోదుగులు ఎర్రగా పూసి ఉంటాయి, మామిడి చిగురు రాగి రంగులో ఉంటుంది, ఎండ అప్పటికే కళ్లు మూయిస్తుంటుంది. ఆ వెలుతురులో ఈ లేత రంగులు నా చేతి మీద ఎంత దిగాలుగా ఉంటాయో చెప్పలేను. అసలు చిక్కంతా కణుపుల దగ్గర. మనలాంటి వాళ్లకు వేళ్ల కణుపులూ గోటి చుట్టూ ఉన్న చర్మమూ మిగతా చేతికంటే ఇంకాస్త నల్లగా ఉంటాయి. లేత రంగు వేస్తే గోరు కన్నా ముందు ఆ నలుపే కంటపడుతుంది. పేస్టెల్ అని అమ్మేవాటిలో టైటానియం డయాక్సైడ్ అనే తెల్ల పిగ్మెంటు దండిగా కలుపుతారు. దాంతో నా చేతి మీద రంగులో బూడిద తేలుతుంది. పైగా చారలు పడుతుంది. చారలు పోవాలంటే మూడో పూత వేయాలి, అది ఆరేలోపు దుప్పటి నేత అచ్చంగా దిగిపోతుంది. కనకాంబరంలో ఆ తెలుపు తక్కువ, ఎరుపూ పసుపూ ఎక్కువ. చర్మంలో ఉన్న ఎర్రదనాన్ని పైకి తెస్తుంది. బంగారు ఉంగరం పక్కన చూడాలి దాన్ని.

అయినా ఒకసారి పిస్తా పచ్చ వేయించుకోక తప్పలేదు. మా ఆడపడుచు కూతురి ఓణీల ఫంక్షన్‌కి ఆడవాళ్లందరం గోళ్లకు ఒకే రంగు అన్నారు, అదీ దీపం కింద పెట్టి గట్టిపరిచే జెల్ రంగు. పార్లర్లో పన్నెండొందలు తీసుకున్నారు. ఫోటోల్లో మిగతావాళ్ల చేతులు బాగానే వచ్చాయి. జెల్ గట్టిగా నిలిచిన మాట మాత్రం ఒప్పుకోవాలి, అంట్లు తోమినా ఒక్క పెచ్చు ఊడలేదు. కథంతా ఆ తర్వాత అత్తయ్యగారింట్లో మాగాయ పెట్టినప్పుడు జరిగింది. చెక్కు తీసిన మామిడి ముక్కల్లో ఉప్పూ పసుపూ కలిపి జాడీలో పెట్టి, మూడో రోజు ఊట పిండి ముక్కల్ని ఎండబెడతారు కదా. ఆ పిండే పని నాకు వచ్చింది. మోచేతుల దాకా పసుపు ఊటలో ముంచి అరజాడీ ముక్కలు పిండి, చేతులు కడుక్కుని చూస్తే పిస్తా పచ్చ కాస్తా పేరు లేని రంగులోకి తిరిగింది. గోళ్ల అంచుల్లో ముదురు పసుపు, మధ్యలో పాలిపోయిన పచ్చ. సబ్బు, నిమ్మచెక్క, శానిటైజర్ అన్నీ అయ్యాయి. మామూలు రిమూవర్ పెడితే మెరుపు పోయింది, పసుపు మాత్రం పోలేదు. సాయంత్రం పక్కింటి పెద్దమ్మ వచ్చి నా చేతులు పట్టుకుని, "ఏమే, కామెర్లేమైనా వచ్చాయా? పసరు మందు వేయించుకున్నావా?" అని అడిగింది. అత్తయ్య నవ్వాపుకోలేక లోపలికి వెళ్లిపోయారు.

పార్లర్‌కి ఫోన్ చేస్తే, గిల్లి పీకొద్దు, గోటి పొర లేచిపోతుంది, వచ్చి తీయించుకోండి అన్నారు. అది సరైన మాటే. జెల్ తీయాలంటే అసిటోన్‌లో తడిపిన దూది పెట్టి, పైన ఫాయిల్ చుట్టి, పది పదిహేను నిమిషాలు ఆగాలి. ఊళ్లో అసిటోన్ ఎక్కడ దొరుకుతుంది? ఆ పసుపు గోళ్లతోనే డాబా ఎక్కి ముక్కలు ఆరబెట్టడం, మధ్యాహ్నం తిరగేయడం చేశాను. మర్నాటికి పసుపు సగం విరిగింది, ఆ మర్నాటికి చాలావరకు పోయింది. పసుపుకి ఆ రంగునిచ్చే కుర్కుమిన్ వెలుతురు తగిలితే పాడైపోతుందట. పసుపు మరక పడిన చీర ఉతికి ఎండలో వేయమని అమ్మ చెప్పేది అందుకే. గోళ్ల సంగతి అలా తేలింది గానీ, ఆ డాబా ఎండకు చేతులు ఇంకో చాయ నల్లబడ్డాయి. దాంతో ఆ పిస్తా పచ్చ ఇంకా తెల్లబోయినట్టు కనిపించింది.

తర్వాతి ఏడాది మాగాయకు కనకాంబరం వేసుకునే కూర్చున్నాను. పసుపు పట్టిందో లేదో నాక్కూడా తెలియలేదు. ఇంకో సంగతి నేను ముందు అనుకోనిది. పెళ్లికి పెట్టుకున్న మెహందీ చేతి మీద రెండు వారాల్లో పోతుంది, గోటి మీద మాత్రం నెలల తరబడి ఉంటుంది. గోరు నెలకు మూడు మిల్లీమీటర్ల దాకా పెరుగుతుంది కాబట్టి కింద ఖాళీ, పైన ఎర్రటి ముక్కగా సగం సగం కనపడుతుంది. దాని మీద లేత రంగు వేస్తే అడుగు ఎరుపు తొంగిచూస్తుంది. కనకాంబరం రెంటినీ కలిపేస్తుంది. చివర చిన్న పెచ్చు ఊడినా అడుగున గోరింట ఎరుపే ఉంటుంది కాబట్టి ఎవరూ కనిపెట్టరు. నాకు ఈ రంగు మీద ఇంత ఇష్టం కలగడానికి సగం కారణం ఇదే.

మొదట్లో ఒక్క పూత చాలు అని అందరికీ చెప్పాను. సీసా కొత్తగా ఉన్నన్నాళ్లు చాలింది. తర్వాత చిక్కబడి, పల్చగా రెండు వేస్తే గానీ సమంగా రావట్లేదు. ఇక ఎరుపు, నారింజ రంగులన్నిటిలాగే ఇదీ గోటికి పసుపు రంగు మరక వదులుతుంది. కింద బేస్ కోట్, అంటే రంగుకి ముందు వేసే పారదర్శకపు పూత, లేకుండా వరసగా వేస్తూ పోతే రంగు తీసిన రోజు గోళ్లు చూసుకోబుద్ధి కాదు. అంట్లు తోమే చేతికి నాలుగైదు రోజులకు చివర్లు అరుగుతాయి, ఆ విషయంలో జెల్‌దే పైచేయి. కాలి గోళ్లకైతే నెల దాటినా కదలదు. అయినా నేను జెల్ జోలికి పోవట్లేదు. జెల్ దీపం కింద గట్టిపడటానికి వాడే టీపీవో అనే పదార్థాన్ని యూరప్ సమాఖ్య 2025 సెప్టెంబరు 1 నుంచి గోళ్ల రంగుల్లో నిషేధించింది. మీ జెల్‌లో అది ఉందా అని పార్లర్లో అడిగితే, "అవన్నీ మనకెందుకు మేడమ్" అన్నారు.

రంగు తీసి గోళ్లు ఖాళీగా ఉన్న రోజున ఓసారి వెలుతురులో చూసుకోండి. మన చాయ వాళ్లకు గోళ్ల మీద నిలువుగా గోధుమ రంగు గీతలు ఉండటం మామూలే, నాకూ ఉన్నాయి. ఒకే గోటి మీద కొత్తగా గీత వచ్చి వెడల్పవుతుంటే మాత్రం చర్మ డాక్టరుకు చూపించాలి. ఎప్పుడూ రంగు కిందే ఉంచితే ఇవి కంటపడవు.

మిగతా రంగుల్లో మామిడి చిగురు రాగి రంగు నాకు బాగుంది, చీరల మీదికి ఇంకా బాగుంది. అచ్చ తెలుపు కూడా, ఏ రంగూ కలపని తెలుపు, పేస్టెల్ కన్నా వందరెట్లు నయం. న్యూడ్ అని అమ్మే చర్మం రంగువాటిలో బెల్లం రంగు దాకా ముదిరితేనే నా చేతికి ఆనుతుంది. ఫ్రెంచ్ స్టయిల్, అంటే లేత గులాబీ అడుగు వేసి గోటి చివర మాత్రం తెల్లగా గీసేది, కావాలంటే ఆ గులాబీ అడుగు మానేసి, ఉత్త పారదర్శకం వేసి చివర్లకు కనకాంబరం గీస్తున్నాను.

అందరూ ఇదే కొనండి అనలేను. మా చెల్లిది కూడా నా రంగే, కాకపోతే ఆమె నలుపులో నీలం ఛాయ ఉంటుంది, ఇదే సీసా ఆమెకు నప్పలేదు. రాణీ గులాబీ వేస్తే వెలిగిపోతుంది. పైగా ఆమె బ్యాంకులో పనిచేస్తుంది, నారింజ గోళ్లు చూసి మేనేజర్ మొహం పెడతాడట. నాది ఇంటి దగ్గర్నుంచి చేసే ఉద్యోగం, నా గోళ్లు చూసేది నేనూ మా అత్తయ్యా పక్కింటి పెద్దమ్మా. మీకూ వేసవిలో ఊరగాయల పనీ, గోళ్ల మీద సగం పోయిన మెహందీ ఉంటే ముందు చిన్న సీసా ఒకటి కొని చూడండి. బేస్ కోట్ కూడా దాంతో పాటే తెచ్చుకోండి, తర్వాత అంటే తేరు.