గోడ దాకా వచ్చేది ఏది?

చిరునామా కొట్టగానే ఇంటర్నెట్ కంపెనీ పటంలో మా వీధి ఆకుపచ్చగా వెలిగింది. ఫైబర్ వచ్చేసినట్టే అనుకున్నాను. కనెక్షన్ ఇవ్వడానికి వచ్చిన కుర్రాడు వీధి చివర స్తంభానికున్న పెట్టె తెరిచి, ఇళ్లకు తీగలు తగిలించే ఎనిమిది పోర్టులూ నిండిపోయాయని చెప్పి, నిచ్చెన భుజాన వేసుకుని వెళ్లిపోయాడు. పటంలో మా వీధి నేటికీ ఆకుపచ్చగానే ఉంది. అప్పటినుంచి ఏ కంపెనీ మేలని ఎవరడిగినా, మీ గోడ దాకా ఏది వస్తుందో ముందు తేల్చుకోండి అంటున్నాను.

ఫైబర్ వస్తే మాత్రం వెతుకులాట ఆపేయవచ్చు. గాజు పోగులో వెలుగు సెకనుకు దాదాపు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది. పక్కన కరెంటు తీగలున్నా దానికి పట్టదు. జీపాన్ పద్ధతిలో ఒకే పోగును 32 లేదా 64 ఇళ్లు పంచుకోవడం మామూలే. అందరికీ కలిపి సెకనుకు సుమారు 2.5 గిగాబిట్ల వేగం ఉంటుంది, అందరూ ఒకే క్షణంలో మీద పడరు కనుక రద్దీ అంతగా తెలియదు. దాని శత్రువు వంపు. తలుపు సందులో నలిగినా, మేకు చుట్టూ బిగించి కట్టినా వెలుగు బయటికి కారిపోతుంది. బిగించేటప్పుడు పోగులో వెలుగు బలాన్ని చూపే మీటరు రీడింగు అడిగి చూడండి. మైనస్ 20 డీబీఎం దగ్గర ఉంటే నిశ్చింత. మైనస్ 27కు దిగజారితే కనెక్షన్ తెగిందని చెప్పే ఎర్ర దీపంతో మీకు పరిచయం పెరుగుతుంది.

అసలు తర్జనభర్జన ఫైబర్ లేనిచోటే, కేబుల్ టీవీ తీగకూ, మొబైల్ టవరు సిగ్నల్‌తో నడిచే 5జీకీ మధ్య. కేబుల్‌లో డౌన్‌లోడ్ బాగానే వస్తుంది. కానీ ఆ తీగలో అప్‌లోడ్‌కు వదిలిన పౌనఃపున్యాల పట్టీ సన్నది, దాన్నీ చుట్టుపక్కల ఇళ్లన్నీ పంచుకోవాలి. సినిమాలు చూసేవారికి చాలు. రోజంతా వీడియో సమావేశాల్లో కూర్చునేవారికి, పెద్ద ఫైళ్లు పంపేవారికి రాత్రి తొమ్మిదింటికి దాని సంగతి తెలుస్తుంది. 5జీ పెట్టెకు తీగ గొడవ లేదు, అంతా కిటికీ మహిమ. ఎండ వేడిని ఆపడానికి లోహపు పూత పూసిన అద్దాలు సిగ్నల్‌నూ ఆపేస్తాయి. పెట్టెను ఒక గదినుంచి ఇంకో గదికి మార్చగానే వేగం రెట్టింపయిన ఇళ్లు ఉన్నాయి. చాలా కంపెనీలు 5జీలో ఒకే ఐపీ చిరునామాను (ఇంటర్నెట్‌లో మన కనెక్షన్‌ను గుర్తించే సంఖ్యను) అనేకమందికి పంచుతాయి, బయటివాళ్లు అందుకునేలా ఇంట్లో సర్వర్ నడుపుకునేవారికి అది తలనొప్పి. డబ్బు కట్టేముందు అదే కంపెనీ సిమ్ వేసిన ఫోనును కిటికీ దగ్గర పెట్టి, మూడు రాత్రులు వేగం కొలవండి. కొలత నిలకడగా ఉంటే నా ఓటు 5జీకే, ఊగిసలాడితే కేబుల్‌కు.

పాత టెలిఫోను రాగి తీగ గురించి ఎక్కువ చెప్పేదేమీ లేదు. ఆ తీగ మీద ఇంటర్నెట్ నడిపే ఏడీఎస్ఎల్2 ప్లస్ పద్ధతికి గరిష్ఠం సెకనుకు 24 మెగాబిట్లు. ఎక్స్ఛేంజికి దూరమయ్యేకొద్దీ అదీ కరిగిపోతుంది.

తీగా టవరూ రెండూ అందనిచోట ఆకాశమే దిక్కు. అక్కడా రెండు రకాలున్నాయి. భూమికి 35,786 కిలోమీటర్ల ఎత్తున నిలిచే ఉపగ్రహానికి ప్రశ్న పోయి జవాబు రావడానికే అర సెకను పడుతుంది. ఫోను మాటల్లో ఇద్దరూ ఒకేసారి మొదలుపెట్టి, ఇద్దరూ ఒకేసారి ఆగుతారు. స్టార్‌లింక్ ఉపగ్రహాలు ఐదారు వందల కిలోమీటర్ల ఎత్తులోనే తిరుగుతాయి కనుక ఆ ఇబ్బంది లేదు, కానీ డిష్‌కు ఆకాశం బాగా కనిపించాలి. ఒక్క చెట్టు కొమ్మ అడ్డొచ్చినా మాట మధ్యలో తెగుతుంది.

ప్రస్తుతానికి మా 5జీ పెట్టె వంటింటి కిటికీలో ఉంది. ఎదురింటివాళ్లు ఇల్లు మారుతున్నారని నిన్ననే తెలిసింది. వాళ్లది ఫైబర్. ఆ పోర్టు కోసం పొద్దున్నే కంపెనీకి ఫోను చేశాను.