మెయిల్ లిస్ట్ కోసం ఫ్రీగా ఏం ఇస్తే పనికొచ్చింది: మిద్దె తోట విత్తనాలు అమ్ముతూ చూసినవి

విత్తనాలు, గ్రో బ్యాగులు, వేపపిండి ఆన్‌లైన్‌లో అమ్మే చిన్న వ్యాపారం మాది. "మీ ఈమెయిల్ ఇవ్వండి, ఇది ఫ్రీగా తీసుకోండి" అనే పద్ధతిని కొన్నేళ్లుగా రకరకాలుగా వాడుతున్నాను. ముందే చెప్పేస్తా, అన్నిట్లో బాగా పనిచేసింది ఒక్క పేజీ విత్తనాల క్యాలెండర్, శుద్ధ దండగ లక్కీ డ్రా.

లక్కీ డ్రాలో బహుమతి ఇయర్‌ఫోన్స్. పేర్లు కుప్పలుగా వచ్చాయి, కానీ వాళ్లలో చాలామందికి ఇంట్లో పూలకుండీ కూడా లేదు. డ్రా అయిపోయాక వంగ నారు గురించి మెయిల్ పంపితే చదవకపోవడం అటుంచి, స్పామ్ అని నొక్కారు. అసలు నష్టం అక్కడే. 2024 ఫిబ్రవరి నుంచి జీమెయిల్, రోజుకు 5000 దాటి మెయిల్స్ పంపేవాళ్లకు స్పామ్ ఫిర్యాదులు 0.3 శాతానికి చేరకూడదని, ఒక్క నొక్కుతో అన్‌సబ్‌స్క్రైబ్ అయ్యే వీలు ఉండాలని రూల్ పెట్టింది. మనం అన్ని పంపం కదా అనుకోవచ్చు గానీ, ఫిర్యాదులు పెరిగితే చిన్న లిస్ట్ మెయిల్స్ కూడా స్పామ్‌లోకే పోతాయి, అప్పుడు నిజంగా మన దగ్గర కొనేవాళ్లకు కూడా అందవు. బహుమతి పెట్టాల్సిందే అనుకుంటే ఇయర్‌ఫోన్స్ బదులు మట్టి బస్తా పెట్టండి, మొక్కల పిచ్చి ఉన్నవాళ్లు తప్ప ఇంకెవరూ రారు.

లావుపాటి ఈ-బుక్ కూడా ఇచ్చాం. డౌన్‌లోడ్ చేసుకుంటారు, "తర్వాత తీరిగ్గా చదువుదాం" అనుకుంటారు, ఆ తర్వాత ఎప్పుడూ రాదు. రాయడానికి పట్టిన శ్రమకు వచ్చిన ఫలితం ఏ మూలకూ సరిపోలేదు.

కూపన్ గురించి రెండు మాటలు చాలు. బుట్టలో సరుకు వేసుకుని ఆగిపోయినవాళ్లకు పనిచేస్తుంది, అప్పుడే అడుగు పెట్టినవాళ్లకు చేయదు. ఇంకో మెయిల్ ఐడీతో మళ్లీ వచ్చి మళ్లీ కూపన్ తీసుకునే తెలివైనవాళ్లు ఎలాగూ ఉంటారు!

క్యాలెండర్ సంగతి వేరు. ఏ నెలలో ఏ విత్తనం వేయాలో ఒక్క పేజీలో ఉంటుంది, ఫ్రిజ్ మీద అంటించుకుంటారు. ఉదాహరణకు పందిరి చిక్కుడు ఎప్పుడు నాటినా తీగ పెరుగుతుంది, కానీ చాలా నాటు రకాలు పగలు పొట్టిదయ్యాకే పూతకొస్తాయి, అందుకే జూన్, జూలైల్లో వేస్తే చలికాలానికి కాయలు అందుతాయి. "మా చిక్కుడు ఎండాకాలమంతా ఆకులేనండీ, కాయ లేదు" అని బాధపడేవాళ్లకు ఈ ఒక్క లైనే బంగారం. మనకు దొరికే లాభం ఏంటంటే ప్రతి నెలా మెయిల్ పంపడానికి ఒక న్యాయమైన కారణం ఉంటుంది. నెల మొదట్లో "ఇప్పుడు వేయాల్సినవి ఇవి" అని పంపితే అది అమ్మకంలా అనిపించదు, కింద విత్తనాల లింక్ ఉన్నా ఎవరూ విసుక్కోరు.

దీని తర్వాత మార్కులు పిండినల్లి (మొక్కలకు తెల్లగా పట్టే పురుగు) వదిలించుకునే కాగితానికి. అదీ ఒక్క పేజీయే: లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, కొంచెం సబ్బు నీళ్లు, ఎండ తగ్గాక ఆకుల అడుగున కూడా తడిసేలా పిచికారీ, వారానికోసారి. ఎండలు ముదిరి మందారం నిండా తెల్లగా పట్టినప్పుడు ఇది పెడితే చకచకా పేర్లు వస్తాయి, వానాకాలంలో పెడితే ఎవరికీ పట్టదు. కొన్ని రోజులాగి "తగ్గిందా?" అని ఒక్క ముక్క మెయిల్ పంపండి. ఫోటోలతో సహా జవాబులొస్తాయి. నేను జవాబులు, లింక్ నొక్కుళ్లే లెక్క చూస్తాను, ఓపెన్ రేట్‌ను, అంటే ఎంతమంది మెయిల్ తెరిచారనే లెక్కను పట్టించుకోను. 2021లో ఐఫోన్ మెయిల్‌లో వచ్చిన ప్రైవసీ మార్పు తర్వాత, చదవకపోయినా తెరిచినట్టు చూపించేస్తోంది.

ఫ్రీ విత్తనాల ప్యాకెట్, పోస్టు ఖర్చు మాత్రం వాళ్లదే. పేర్లు తక్కువ వస్తాయి, కానీ వచ్చినవాళ్లు గట్టివాళ్లు. పని మాత్రం విపరీతం, పైగా మొలకెత్తకపోతే ఫ్రీగా ఇచ్చాం కదా అని ఎవరూ ఊరుకోరు.

ఫైల్‌ను పేజీలోనే డౌన్‌లోడ్‌కి పెట్టకుండా మెయిల్‌కి లింక్ పంపండి, దొంగ ఐడీలు చాలావరకు అక్కడే రాలిపోతాయి. ఫారం దగ్గరే "నెలకు రెండు మెయిల్స్ పంపుతాం" అని రాయండి, టిక్ వాళ్లనే పెట్టనివ్వండి. 2023 డేటా రక్షణ చట్టం కూడా స్పష్టమైన సమ్మతి ఉండాలనే అంటుంది. పీడీఎఫ్‌లో తెలుగు ఫాంట్ ఎంబెడ్ చేశారో (ఫైల్‌లోనే కలిపి పెట్టారో) లేదో చూసుకోండి, లేకపోతే కొన్ని ఫోన్లలో ఒత్తులు విడిపోయి చదవడానికి రాదు.

ఫారంలో పేరు కూడా అడగను గానీ ఊరు మాత్రం అడుగుతా. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న మనవాళ్లు చాలామంది చేరతారు, వాళ్లకు మన నెలలు పనికిరావు, మంచు పోయాకే బయట నాటాలి. విత్తనాలు కూడా మనం మామూలు పోస్టులో పంపలేం, అమెరికాకు ఫైటోశానిటరీ సర్టిఫికెట్ (తెగుళ్లు, పురుగులు లేవని ఇచ్చే అధికారిక పత్రం) కావాలి. అందుకని వాళ్లను వేరే లిస్ట్‌లో పెట్టి, ఇక్కడున్న అమ్మానాన్నలకు గ్రో బ్యాగుల సెట్ పంపించే ఆఫర్ మాత్రమే పంపుతున్నాను. సంక్రాంతికి ముందు ఆ చిన్న లిస్ట్ నుంచి వచ్చే ఆర్డర్లు పెద్ద లిస్ట్ కంటే బాగుంటున్నాయి.