మాట్లాడేటప్పుడు చేతులు ఏం చేస్తాయి: ఆన్‌లైన్ క్లాస్ రివ్యూ (5కి 3)

రెండు ఆదివారాలు కూర్చుని ఈ క్లాస్ చేశా, ఫీజు 1,200. నేను డిగ్రీ కాలేజీలో ఎకనామిక్స్ చెప్తాను, బోర్డు దగ్గర నా చేతులు ఊరుకోవు, అందుకే చేరాను.

మొదటి వారం చాలా చాలా బావుంది. "ధరలు పెరిగాయి" అంటే చెయ్యి పైకి లేస్తుంది, "రూపాయి పడిపోయింది" అంటే కిందకి దిగుతుంది, నిజానికి ధర ఎక్కే మెట్లూ లేవు రూపాయి పడే గుంటా లేదు, ఎక్కువంటే పైన అని మన బుర్రలో ఉన్న పోలికని చెయ్యి బయటపెడుతుందన్నమాట. షికాగో యూనివర్సిటీ సైకాలజిస్ట్ డేవిడ్ మెక్‌నీల్ 1992లో వీటినే మెటాఫోరిక్ జెశ్చర్స్ అని వివరించారు. "నేననేదేంటంటే" అంటూ అరచెయ్యి పైకి తిప్పి చాపుతాం చూడండి, ఏదో చేతిలో పెట్టి ఇస్తున్నట్టు, అదీ అంతే, ఆలోచన ఒక వస్తువు, చెప్పడమంటే ఇవ్వడం. ఆ సంగతి నోరు అనదు, చెయ్యి అంటుంది. అది విన్నప్పట్నుంచి స్టాఫ్ రూంలో అందరి చేతులే చూస్తున్నా.

నన్ను బాగా పట్టేసింది మాత్రం ఐమారా వాళ్ల సంగతి. ఆండీస్ కొండల్లో మాట్లాడే భాష అది, వాళ్లకి గడిచింది కళ్లముందు, రాబోయేది వీపు వెనక. "నయ్‌రా" అంటే కన్ను, ఎదురు, గతం కూడా. పెద్దవాళ్లు పాత విషయాలు చెప్తుంటే చెయ్యి కూడా ముందుకే వెళ్తుందని రఫాయెల్ నూన్యెస్, ఈవ్ స్వీట్సర్ అనే పరిశోధకులు 2006లో రాశారు. జరిగింది చూశాం కాబట్టి ఎదురుగా ఉంది, జరగబోయేది కనపడదు కాబట్టి వెనక. వెంటనే మన తెలుగు గుర్తొచ్చింది నాకు, "రెండ్రోజుల ముందు" అంటే అయిపోయింది, "ముందుముందు" అంటే ఇంకా రావాలి, రెండిటికీ అదే ముందు! మా అమ్మ అయితే "వెనకటి రోజుల్లో" అనగానే చెయ్యి భుజం మీంచి వెనక్కి విసురుతుంది. దీని గురించి అడిగితే ట్రైనర్ మంచి ప్రశ్న అని ముందుకెళ్లిపోయారు. "మనసు బరువెక్కింది", "బుర్రకెక్కలేదు" లాంటివి బోలెడున్నాయి మనకి, తెలుగు ఉదాహరణలు ఇంకా పెట్టాల్సింది.

రెండో వారం నచ్చలేదు. ఇంటర్వ్యూలో ఏ మాటకి ఏ చెయ్యి అని బట్టీ పట్టించారు. పుట్టుకతో చూపులేని పిల్లలు, చూపులేని వాళ్లతో మాట్లాడుతూ కూడా చేతులు కదుపుతారని 1998లో వచ్చిన స్టడీ గురించి మొదటి వారం వాళ్లే చెప్పారు, మరి దానంతటది వచ్చేదాన్ని ఇలా అతికించడం ఎందుకో.

అన్నిటికంటే బాధ రికార్డింగ్‌ది. ట్రైనర్ మొహం, భుజాలు తప్ప ఏమీ కనపడవు, చేతుల క్లాసులో చేతులే లేవు. మెయిల్ పెట్టి పది రోజులైంది, రిప్లై లేదు.

చేరేవాళ్లు లైవ్‌లోనే చూడండి, మొదలవగానే కెమెరా కాస్త వెనక్కి జరపమని అడగండి. మొదటి వారం ఒక్కటే విడిగా 600కి ఇస్తే మా డిపార్ట్‌మెంట్ వాళ్లందర్నీ నేనే చేర్పిస్తా.