సొంతంగా చేసుకున్న ఆర్‌ఓవీకి ఏ మోటార్లు: రెండు రకాలూ అరగదీశాక నా సమీక్ష

ఆర్‌ఓవీ అంటే నీళ్లలో మునిగి తిరిగే, పైనుంచి వైరుతో నడిపే చిన్న రోబో. దాన్ని సొంతంగా చేద్దామనుకునే ప్రతివాళ్లూ మొట్టమొదట అడిగేది ఎన్ని కిలోల థ్రస్ట్ (తోసే బలం) వస్తుందనే. ముందు బిల్జ్ పంపు మోటార్లు, తర్వాత బ్రష్‌లెస్ (లోపల కార్బన్ బ్రష్షులు లేని) థ్రస్టర్లు, అంటే ప్రొపెల్లర్‌తో వాహనాన్ని తోసే మోటార్లు, రెండూ చాలాకాలం నడిపాను కాబట్టి చెప్తున్నా, ఆ అంకె ఆఖర్న చూసుకోవచ్చు. మోటారులోకి నీళ్లు దిగితే ఏమవుతుంది, కరెంటు ఎంత పొడుగు వైరు మీద రావాలి, ఈ రెండూ ముందు తేల్చుకోండి.

బిల్జ్ పంపు అంటే పడవ అడుగున చేరే నీళ్లు తోడేసే 12 వోల్టుల చిన్న పంపు. మునిగి పనిచేయడానికే సీల్ చేసి వస్తుంది, అందుకని నీళ్లు తోడే చక్రం (ఇంపెల్లర్) పీకేసి షాఫ్టుకి అడాప్టర్ పెట్టి ప్రొపెల్లర్ బిగిస్తే థ్రస్టర్ రెడీ. స్పీడ్ కంట్రోలర్ కూడా అక్కర్లేదు, మామూలు స్విచ్‌తో ప్లస్, మైనస్ తిరగేస్తే వెనక్కి తిరుగుతుంది. పంపు మీద గంటకి 500 గ్యాలన్లు, 1100 గ్యాలన్లు అని ఉంటుంది చూడండి, అది నీళ్లు తోడే లెక్క, ప్రొపెల్లర్ తగిలించాక దాంతో పనిలేదు. వీటిలో నాకు నిజంగా నచ్చింది నెమ్మదితనం. వోల్టేజీ కొంచెం కొంచెం పెంచుతూ పోతే ఎక్కడా తుళ్లకుండా మెల్లగా కదులుతుంది, కెమెరాతో ఒక రాయి పక్కకి చేరాలంటే కావలసింది అదే.

తంటా అంతా సీల్ దగ్గరే. ఆ పంపు చేసింది పడవ అడుగున కొద్దిపాటి నీళ్లలో ఉండటానికి, మనం దించేదేమో లోతుకి, ప్రతి 10 మీటర్లకి ఇంచుమించు ఒక అట్మాస్ఫియర్ ఒత్తిడి పెరుగుతూ పోతుంది. దానికి తోడు గాలం దారం. సన్నటి నైలాన్ దారం ప్రొపెల్లర్ వెనక షాఫ్టుకి చుట్టుకుని, తిరిగేకొద్దీ సీల్ అంచులోకి దిగబడుతుంది, పైనుంచి చూస్తే కనపడదు. నా మోటార్లలో ఒకటి ఉన్నట్టుండి బలం తగ్గితే విప్పి చూశాను, బ్రష్షుల కార్బన్ పొడి నీళ్లతో కలిసి చిక్కటి కాటుకలా కారింది, బ్రష్షులు రాసుకునే కమ్యుటేటర్ మీద రాగి గీతలు పడిపోయి ఉంది. అక్కడితో దాని పని అయిపోయింది. రివర్స్ ఎక్కువ వాడితే అడాప్టర్ స్క్రూ వదులవడం ఇంకో గొడవ, థ్రెడ్‌లాకర్ (స్క్రూ వదలకుండా పట్టే జిగురు) తప్పనిసరి.

బ్రష్‌లెస్‌లో ఈ గోల పుట్టదు, ఎందుకంటే అందులో సీల్ చేయాల్సిందేమీ లేదు. తిరిగే భాగానికి కరెంటు వెళ్లదు, అయస్కాంతాలు మాత్రమే ఉంటాయి, వైండింగుకి ఎపాక్సీ పూత ఉంటే మోటారు మొత్తం నీళ్లలో నానినా నిక్షేపంగా తిరుగుతుంది. లోపలా బయటా ఒకే ఒత్తిడి. సొంతంగా చేసుకునేవాళ్ల కోసం డిజైన్లు అందరికీ ఇచ్చిన ఓపెన్‌ఆర్‌ఓవీ వాళ్లు మామూలు హాబీ బ్రష్‌లెస్ మోటార్లనే ఇలా నేరుగా నీళ్లలో తిప్పారు. చెరువు నీళ్లకి అది చాలు. ఉప్పునీళ్లయితే డ్రోన్ మోటార్ల స్టీలు బేరింగులు తుప్పు పడతాయి, పైకి తీసిన ప్రతిసారీ మంచినీళ్లతో కడిగి నూనె వేయాల్సిందే. కేవీ (ఒక్కో వోల్టుకి నిమిషానికి ఎన్ని చుట్లు తిరుగుతుందనే అంకె) తక్కువున్న మోటారు చూసుకోండి, కేవీ ఎక్కువైతే నీళ్ల బరువుకి వేగం అందుకోలేక వేడెక్కడమే మిగులుతుంది.

బ్లూ రోబోటిక్స్ కంపెనీ టీ200 లాంటి రెడీమేడ్ థ్రస్టర్లు ఈ పద్ధతినే నీళ్ల కోసం పకడ్బందీగా చేసినవి. బేరింగులు ప్లాస్టిక్‌వి, వాటికి నీళ్లే కందెన, అందుకే బల్ల మీద పెట్టి పొడిగా ఎక్కువసేపు తిప్పకూడదు. 16 వోల్టుల దగ్గర 5 కిలోలకి కాస్త పైనే తోస్తుంది కానీ అప్పుడు 24 ఆంపియర్లు మింగుతుంది. నేనైతే సగానికి మించి అరుదుగా వాడతాను. సగం థ్రస్టుకి పట్టే పవర్ సగం కాదు, మూడో వంతు చిల్లర మాత్రమే, బ్యాటరీ ఎక్కువసేపు వచ్చేది అక్కడే.

ఇక టెథర్, అంటే పైనుంచి వాహనం దాకా వెళ్లే వైరు. 12 వోల్టులు పైనుంచి పంపుదామనుకునేవాళ్లు ఒక్కసారి లెక్క వేయండి: 18 గేజి వైరు 30 మీటర్లంటే పోనూ రానూ 60 మీటర్లు, దాదాపు 1.26 ఓములు. అందులోంచి 6 ఆంపియర్లు లాగితే ఏడున్నర వోల్టులు దారిలోనే పోతాయి! మోటారు బాలేదని తిట్టుకునేవాళ్లలో చాలామంది బాధ అసలు వైరుదే. చిన్న మోటార్లు, పొట్టి టెథర్ అయితే సరే, లేదంటే బ్యాటరీ కిందనే పెట్టేయడం హాయి, పైనుంచి సిగ్నల్ పంపితే చాలు.

బ్రష్‌లెస్ మీద నా ఫిర్యాదు ఒకటే, సెన్సర్ లేని ఈఎస్‌సీ (బ్రష్‌లెస్ మోటారుని నడిపే స్పీడ్ కంట్రోలర్) మరీ తక్కువ స్పీడులో తడబడుతుంది, ఆగి ఆగి ఒక్కసారి తుళ్లుతుంది. నిలువు థ్రస్టర్ విషయంలో ఇది బాగా విసిగిస్తుంది. అందుకని వాహనం ఊరికే వదిలితే మెల్లగా పైకి తేలేలా ఫోమ్ సర్దుకున్నాను. కింద ఉంచడానికి థ్రస్టర్ ఎప్పుడూ కొంచెం తిరుగుతూనే ఉంటుంది, తడబాటు ఉండదు, పైగా అది నీళ్లని పైకే చిమ్ముతుంది కాబట్టి అడుగున బురద లేచి కెమెరా మసకబారదు.

లోతు లేని మంచినీళ్లలో, పొట్టి టెథర్‌తో, మొదటిసారి చేస్తుంటే బిల్జ్ పంపు మోటార్లకే నా ఓటు. సముద్రంలో దించే ఆలోచన ఉంటే వాటి జోలికి పోకుండా బ్రష్‌లెస్ కొనేయండి. కొనేముందు ఈఎస్‌సీ రెండువైపులా తిప్పుతుందో లేదో మాత్రం చూసుకోండి, డ్రోన్లకిచ్చేవి చాలావరకు సెట్టింగ్ మార్చందే వెనక్కి తిరగవు.