కుంకుడుకాయ ఫ్లోర్ క్లీనర్, మూడు నెలలు వాడాక

మా అత్తయ్యకు ఆస్తమా. ఇల్లు తుడిచిన ప్రతిసారీ ఫినాయిల్ ఘాటుకు దగ్గు పట్టుకుని మధ్యాహ్నం దాకా వదిలేది కాదు. అందుకే ఆన్‌లైన్‌లో ఒక చిన్న కంపెనీవాళ్ల కుంకుడుకాయ లిక్విడ్ తెప్పించాను, లీటరు 260 రూపాయలు.

మొదటి రోజు మా పనమ్మాయి బకెట్‌లోకి చూసి "ఏందమ్మా, నురగే లేదు, మరకలు పోతాయా?" అంది. పోయాయి. డైనింగ్ టేబుల్ కింద ఎండిపోయిన చారు చుక్కలతో సహా. నురగ తక్కువైనా కుంకుడులో ఉండే సాపోనిన్లు, అంటే సబ్బులా పనిచేసే సహజ పదార్థాలు, జిడ్డును వదలగొడతాయి, తలంటు పోసుకున్న వాళ్లకు కొత్తగా చెప్పేదేముంది. తుడిచాక తడి గోనెసంచి వాసన వస్తుంది, కాసేపటికి పోతుంది. అత్తయ్య దగ్గు తగ్గింది, కాకపోతే ఆ క్రెడిట్ కుంకుడుదో, ఫినాయిల్ మానేసినందుకో చెప్పలేను.

బాటిల్ మీద "ఇంటి మొత్తానికీ ఇదొక్కటే" అని రాశారు చూడండి, అది మాత్రం నమ్మకండి. స్టవ్ వెనక పేరుకున్న పోపు జిడ్డు కదల్లేదు, వంటసోడా ముద్ద పట్టించి నానబెడితే వదిలింది. (రీల్స్‌లో సోడా, వెనిగర్ కలిపి పోస్తారే, పొంగు చూడ్డానికి బాగుంటుంది గానీ రెండూ ఒకదాన్నొకటి విరిచేసుకుంటాయి.) బోరు నీళ్ల వల్ల కుళాయిల మీద కట్టిన తెల్లటి గారకు కిరాణా కొట్లో దొరికే నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) చాలు, నీళ్లలో కలిపి గుడ్డ తడిపి చుట్టాలి. మార్బుల్ మీద మాత్రం పడనివ్వకండి, మా పూజగది ముందు రూపాయి బిళ్లంత మచ్చ నా తెలివికి గుర్తుగా ఇప్పటికీ ఉంది. బాత్రూమ్‌కి యాసిడ్ వాడేవాళ్లు దాన్ని బ్లీచింగ్ పౌడర్‌తో అస్సలు కలపొద్దు, క్లోరిన్ గ్యాస్ వస్తుంది.

రెండో బాటిల్‌తో అసలు చిరాకు మొదలైంది. మూత తీస్తే గుప్పుమని నిమ్మ సెంటు, లేబుల్ మీద "సుగంధం" అన్న ఒక్క ముక్క. ఏం కలిపారని అడిగితే "ఆల్ నేచురల్ మేడమ్" అని జవాబు. ఆ సెంటుకి అత్తయ్య మళ్లీ దగ్గారు.

మూడోది కొనలేదు. పదిహేను కాయలు గింజలు తీసి రాత్రి నానబెట్టి, పొద్దున ఉడికించి, పిసికి వడకడుతున్నా. ఫ్రిజ్‌లో వారం ఉంటుంది, బయట పెడితే పులుస్తుంది. పిసికేటప్పుడు కళ్లు జాగ్రత్త, భగ్గుమంటాయి. మొదటి బాటిల్‌కి నాలుగు స్టార్లు, రెండోదానికి ఒకటి.